సగం నిండిన పిక్సెల్

1961లో వచ్చిన ‘సీతారామ కళ్యాణం’లో రావణుడికి పది తలలు. కంప్యూటరు లేని కాలం. ఆ సినిమాతో ఛాయాగ్రాహకుడిగా పరిచయమైన రవికాంత్ నగాయిచ్ కెమెరాను కదలకుండా బిగించి, ఫ్రేములో ఒక్క తల పట్టే చోటు తప్ప మిగతాదంతా కప్పేసి తీశారు. ఫిల్మును వెనక్కి తిప్పి, కప్పిన చోటు జరిపి, మళ్ళీ తీశారు. అలా తల తలకీ. రావణుడి వేషంలో ఎన్టీఆర్ అంతసేపూ కూర్చున్న చోటు నుంచి కదలకూడదు, దీపాల వెలుతురు మారకూడదు. తొమ్మిదో తల దగ్గర తేడా వస్తే ముందు తీసిన ఎనిమిదీ పోయినట్టే. అన్నీ ఒకే నెగటివ్ మీద ఉన్నాయి కదా.

ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1898లోనే తన తల తానే తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కాదు, మూడు. మెడ మీద నాలుగోది. సూత్రం ఇదే. ఫిల్ము మీద నల్లగా మిగిలిన చోట వెలుతురు తగలదు కాబట్టి అక్కడ రెండోసారి ఇంకో బొమ్మ వేసుకోవచ్చు. నేను చేసే పనికి మూలం ఆ నల్లటి మాస్కే.

నా ఉద్యోగం వేరు. సాయంత్రాలూ ఆదివారాలూ బ్లెండర్ అనే ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ కోసం కంపోజిటింగ్ నోడ్లు రాస్తుంటాను. కంపోజిటింగ్ అంటే వేర్వేరుగా తీసిన, కంప్యూటర్లో చేసిన బొమ్మలన్నీ కలిపి ఒకే చోట, ఒకే వెలుతురులో తీసినట్టు చూపించడం. నోడ్ అంటే ఆ కలపడంలో ఒక్క పని చేసే చిన్న పెట్టె. ఒకటి రంగు దిద్దుతుంది, ఒకటి మసక చేస్తుంది, ఒకటి ఆకుపచ్చ తెర తీసేస్తుంది. ఒకదాని ఫలితాన్ని గీతతో ఇంకోదానికి అందిస్తాం. తెర మీద ఆ గీతల అల్లిక చూస్తే షాటు ఎలా తయారైందో మొదటి నుంచి చివరి దాకా చదువుకోవచ్చు. మధ్యలో ఏ మెట్టు నచ్చకపోయినా అక్కడికి వెళ్ళి మార్చుకోవచ్చు, మిగతావి చెడవు. నగాయిచ్ గారికి లేని సౌకర్యం అదే.

బ్లెండర్ మొదట ఒక కంపెనీ సరుకు. ఆ కంపెనీ మూతపడ్డాక దాన్ని తయారుచేసిన టోన్ రూసెండాల్ లోకం ముందు చెయ్యి చాపాడు. లక్ష యూరోలు ఇస్తే సోర్సు కోడ్ అందరిదీ అవుతుందన్నాడు. 7 వారాల్లో డబ్బు పోగైంది, 2002 అక్టోబర్ 13న కోడ్ బయటికి వచ్చింది. ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’ అనే చిన్న సినిమా తీస్తున్నవాళ్ళకు కంపోజిటింగ్ అవసరపడి, 2006లో నోడ్లు వచ్చి చేరాయి. అంటే ఎవరో కూర్చుని ఊహించిన సౌకర్యం కాదు, షాటు పూర్తి చెయ్యాల్సిన వాళ్ళకి పుట్టిన అవసరం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్లోనే తయారైంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా చీరాల కుర్రాళ్ళు ఒకటే అడుగుతారు: “నిజంగా డబ్బులు కట్టక్కర్లేదా అన్నా?” అక్కర్లేదు. ఎంతోమంది కట్టారు కాబట్టే అక్కర్లేదు.

ఈ పనిలో నన్ను పట్టుకున్నది అంచు. మనిషి మొహం మధ్యలో ఏ నోడ్ అయినా సరిగ్గానే పనిచేస్తుంది. జుట్టు చివర, నీటి తుంపర, పొగ, దారం, ఇక్కడే బండారం బయటపడుతుంది. అందుకే నేను రాసింది పరీక్షించడానికి వాడరేవు వెళ్తాను. ఒడ్డున ఆరేసిన వలకు ఎదురుగా కెమెరా పెట్టుకుంటాను. వెనక తెల్లటి ఆకాశం, ముందు సన్నటి నైలాన్ దారం, కింద నురగ. ఒకరోజు వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు: “ఏంది బాబూ, వలను తీస్తన్నావు? చేపలొచ్చేదాకా ఆగరాదా?” దారాలే కావాలి మావా అన్నాను. “దారాల్లో ఏముంది?” అన్నాడు. 

ఆ దారం బొమ్మలో ఒక్కోచోట పిక్సెల్ కంటే సన్నం. అంటే ఒక పిక్సెల్లో మూడో వంతు దారం, మిగతాది ఆకాశం. ఆ పిక్సెల్ దారానిదా, ఆకాశానిదా అని అడిగితే జవాబు ‘ఇంతవరకు’ అనే చెప్పాలి. ఆ ‘ఎంతవరకు’ అన్న సంఖ్యను ఎరుపు, ఆకుపచ్చ, నీలాలతో పాటు నాలుగో వరసగా దాచుకోవచ్చని 1970ల చివర న్యూయార్క్‌లో ఎడ్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ కనిపెట్టారు. దాని పేరు ఆల్ఫా. 1984లో టామ్ పోర్టర్, టామ్ డఫ్ దానికి లెక్క కట్టి ఒక పేపరు రాశారు. ఈ రోజు ఫోన్లో స్టిక్కరు అంటించినా, ‘బాహుబలి’లో జలపాతం పారినా నడిచేది ఆ లెక్కే. నలుగురికీ కలిపి 1996లో అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది.

లెక్క ఏమంత కష్టం కాదు. దారం ఆ పిక్సెల్లో 0.3 వంతు కప్పింది, దాని వెలుగు 0.8 అనుకోండి. రెండూ గుణిస్తే 0.24. వెనక ఆకాశం వెలుగు 0.6, అది కనిపించే వంతు 0.7, అంటే 0.42. కలిపితే 0.66. ఆకాశం కంటే కొంచెం ఎక్కువ, దారం కంటే తక్కువ. కంటికి నిజంగా అలాగే కనిపిస్తుంది. ఇప్పుడు ముందు గుణించేసిన 0.24ను ఇంకో నోడ్ గుర్తుపట్టక మళ్ళీ 0.3తో గుణించిందనుకోండి. 0.072 మిగులుతుంది, మొత్తం 0.492. ఆకాశం కంటే మసక, దారం కంటే మరీ మసక. ఆ రెండింట్లోనూ లేని నల్లటి గీత వల చుట్టూ పుట్టుకొస్తుంది. సినిమాలో మనిషి చుట్టూ కత్తిరించి అతికించినట్టు సన్నటి నలుపు కనిపించినప్పుడు, చాలాసార్లు కారణం ఈ రెండోసారి గుణకారమే. బ్లెండర్ ఆల్ఫా ఓవర్ నోడ్‌లో దీనికోసమే ఒక చిన్న టిక్కు పెట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను ముందు చూపించేది ఆ టిక్కునే.

మా చీరాల కుప్పడం చీరలో అంచు పేక వేరు, ఒంటి పేక వేరు. కలిసే చోట ఒకదాన్ని కోసి ఇంకోదానికి కుట్టరు, పోగులో పోగు మెలేసి నేస్తారు. అందుకే ఆ గీత దగ్గర చీర విడిపోదు. మంచి అంచున్న షాటులోనూ జరిగేది అదే. ప్రతి అంచు పిక్సెల్లో రెండు బొమ్మలూ ఉంటాయి.

మా చుట్టుపక్కల పొలాలు ఈ పనికి ఎంత మంచి బడో పైవాళ్ళకి తెలియదు. పర్చూరు వైపు వెళ్తే నల్లరేగడిలో పత్తి. గుల్ల విచ్చుకుని దూది వేలాడుతున్నప్పుడు దగ్గరగా చూడండి. ఒక్క పోగు మందం 20 మైక్రాన్లు కూడా ఉండదు. మామూలు కెమెరాకి అది విడిగా దొరకదు, తెల్లటి మసకగా మాత్రమే దొరుకుతుంది. ఆ మసకలో ఎంత దూది, ఎంత వెనకున్న చేను అని విడదీసే నోడ్ రాయగలిగితే మనిషి జుట్టు తేలిక. మిట్టమధ్యాహ్నం తీస్తే దూది తెల్లగా మాడిపోయి లోపల వివరమే ఉండదు. పొద్దు వాలాక, సూర్యుణ్ణి పత్తి వెనక పెట్టుకుని తీయాలి.

మిరప ఇంకో రకం పరీక్ష. ముందే చెబుతున్నా, మిరప చేలో గ్రీన్ మ్యాట్ కట్టకండి. తెరతో పాటు ఆకూ పోతుంది. నీలం కట్టండి. తెర లేకుండా పండిన కాయను ఆకు నుంచి విడదీద్దామంటే అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. ఫోన్ వీడియో ప్రతి పిక్సెల్ వెలుగునూ విడిగా రాసుకుంటుంది గానీ రంగును మాత్రం నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒక్కటే రాస్తుంది. మన కన్ను వెలుగు తేడాని పట్టుకున్నంత బాగా రంగు తేడాని పట్టుకోలేదు కాబట్టి అలా పొదుపు చేస్తారు. మామూలుగా నష్టం తెలియదు. కానీ వెలుగు లెక్కలో ఎరుపు వాటా 0.2126 మాత్రమే, ఆకుపచ్చది 0.7152. నిగనిగలాడే ఎర్రటి కాయా, పక్కనున్న ముదురు ఆకూ నలుపు తెలుపుల్లో చూస్తే ఇంచుమించు ఒకే బూడిద రంగు. రెంటినీ విడదీసేది రంగు ఒక్కటే, ఆ రంగేమో నాలుగిట ఒక వంతే ఉంది. ఫలితంగా కాయ అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. రంగును వెలుగు ఆధారంగా మళ్ళీ సరిదిద్దే పద్ధతులున్నాయి, వాటితో ఒక నోడ్ చేసుకున్నాను. కాయ మీద మెరుపు పడ్డ వైపు బాగా పనిచేస్తుంది. నీడ వైపు పట్టుకోవడానికి ఆధారమే లేదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు. అక్కడ చెయ్యగలిగింది తీసేటప్పుడే. రంగును కుదించని ఫార్మాట్లో తీయడం, లేదా కాయకు పక్క నుంచి వెలుతురు పడేలా చూసుకోవడం.

ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇవి ఎవరో ఒకరి తలలో ఉండిపోకూడదు. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. ద్వారకా నగరాన్ని కళా దర్శకులు గోఖలే, కళాధర్ సుమారు 300 బొమ్మ ఇళ్ళతో కట్టారు. మార్కస్ బార్‌ట్లే పడవ పాటలో కురిపించిన వెన్నెలను ఇప్పటికీ తలుచుకుంటారు. కానీ ఘటోత్కచుడి భోజనం షాట్లు ఎలా తీశారని అడగండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. తీసినవాళ్ళు ఎక్కడా రాసుకోలేదు. రాసుకోవాలని ఎవరూ అడగలేదు. స్టూడియోలో ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకున్న విద్య, ఆ నిలబడిన మనుషులతోనే పోయింది. మన సినిమా చరిత్రలో నటుల గురించి ఉన్న పుస్తకాలకీ ట్రిక్ ఫోటోగ్రఫీ గురించి ఉన్న పుస్తకాలకీ పోలికే లేదు. ఇది నాకు బాధ.

ఓపెన్ సోర్స్ నోడ్ ఆ రకంగా పోదు. ఆల్ఫా ఓవర్ లోపల ఏముందో చూడాలంటే బ్లెండర్ కోడ్ తెరిస్తే చాలు, పోర్టర్, డఫ్ రాసిన లెక్క అక్కడ నాలుగైదు వరసల్లో కనిపిస్తుంది. ఏ మార్పు ఎవరు చేశారో, ఎందుకు చేశారో, దాన్ని చూసినవాళ్ళు ఏం అభ్యంతరం చెప్పారో అన్నీ పక్కనే ఉంటాయి. పంపిన ప్రతి మార్పునూ ముక్కూ మొహం తెలియనివాళ్ళు వరస వరసా చదువుతారు. బొమ్మలో చెప్పుకోదగ్గ తేడా వస్తే పాత ఫలితంతో పోల్చే పరీక్ష ఆగిపోతుంది. ఆ చాదస్తం నాకు ప్రాణం.

మన ప్రాంతం నుంచి ఎంతోమంది పిల్లలు హైదరాబాదులో వీఎఫ్ఎక్స్ పనికి వెళ్తున్నారు. ఎక్కువమంది చేరేది రోటోలో. కదిలే మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత దిద్దడం. సెకనుకి 24 ఫ్రేములు, 5 సెకన్ల షాటుకి 120. ఓపిక కావాలి, కన్ను కావాలి, మెడ నొప్పి ఓర్చుకోవాలి. సినిమా చూసే మనకు వాళ్ళ పని కనిపించదు, కనిపించకపోవడమే వాళ్ళ నైపుణ్యం. కానీ ఏళ్ళ తరబడి అంచు గీసిన పిల్లవాడికి ఆ అంచు తరవాత ఏమవుతుందో తెలుసుకునే అవకాశం రాదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉంటుంది, ఇంటికి రాదు. అలాంటివాళ్ళకి నేను చెప్పేది ఒకటే. సెలవుకి ఊరొచ్చినప్పుడు లాప్‌టాప్‌లో బ్లెండర్ వేసుకుని, నువ్వు గీసే మాస్కు ఏ నోడ్‌లోకి పోయి ఏమై వస్తుందో గీత పట్టుకుని వెతుక్కుంటూ పో. తరవాత ఆ నోడ్ కోడ్ తెరువు. అర్థం కాకపోతే నాకు ఫోన్ చెయ్యి. కొందరు చేస్తారు. అడిగే ప్రశ్నలు చూస్తే అంచు గురించి వాళ్ళకు తెలిసినంత నాకు తెలియదనిపిస్తుంది. రోటో చేసినవాడు నోడ్ రాస్తే అది వేరేగా ఉంటుందని నా గట్టి నమ్మకం. జుట్టు ఎక్కడ విడిపోతుందో, చొక్కా మడత ఎక్కడ మోసం చేస్తుందో వాడి చేతికి తెలుసు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించిన నియమం ఒకటుంది. నోడ్‌ను మార్చవచ్చు, దాని మీటలు తీసేయవచ్చు, కొత్తవి పెట్టవచ్చు. కానీ పాత రూపంతో ఎవరో చేసుకున్న ఫైలు తెరిచినప్పుడు, సాధ్యమైనంత వరకు అదే బొమ్మ రావాలి. అందుకని మార్పు చేసినవాళ్ళే పాత అమరికను కొత్తదానిలోకి మార్చే కోడ్ కూడా రాసి ఇవ్వాలి. దీన్ని వర్షనింగ్ అంటారు. ఎవరికీ కనిపించని, ఎవరూ మెచ్చుకోని పని. 2006 నాటి అల్లికను ఈ రోజు తెరిచి చూడగలుగుతున్నామంటే, మధ్యలో ఎంతమందో ఆ విసుగు పని చేసిపెట్టారు.

మిరప నోడ్‌లో రెండు మీటలు కలిపి ఒకటి చేస్తే వాడేవాళ్ళకి తేలికని ఈ మధ్య ఒక రోటో కుర్రాడు సలహా ఇచ్చాడు. సలహా బాగుంది. నా నోడ్ ఇప్పటికే వాడుతున్నవాళ్ళు నలుగురైనా ఉన్నారు కాబట్టి ముందు వాళ్ళ ఫైళ్ళ కోసం మార్పిడి కోడ్ రాస్తున్నాను. మీట సంగతి ఆ తరవాత.