గోదాలో తండ్రీ కూతుళ్లు: ‘దంగల్’ చిత్రంపై ఒక పరిశీలన

‘దంగల్’ అనే హిందీ మాట తెలుగు పాఠకునికి కొంత దూరమైనదే కావచ్చు గాని, గోదా, తాలింఖానా, వస్తాదు అనేవి అతనికి చిరపరిచితాలు. కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనల కథలు ఉత్తరాంధ్రలో నేటికీ చెప్పుకుంటారు. అయితే ఆ కథలన్నీ మగవారి కథలు. గోదా మట్టిని తాకే అర్హత ఆడపిల్లకు లేదన్నది దేశమంతటా అప్రకటిత శాసనంగా సాగింది. ఆ శాసనాన్ని ధిక్కరించిన ఒక కుటుంబగాథ 2016 డిసెంబరులో నితేశ్ తివారీ దర్శకత్వంలో విడుదలైన ‘దంగల్’. ఆ ధిక్కారం ఎవరిది, తండ్రిదా, కూతుళ్లదా అన్న ప్రశ్న దగ్గరే ఈ చిత్రం బలమూ, బలహీనతా రెండూ ఉన్నాయి.

కథ స్థూలంగా అందరూ ఎరిగినదే. హర్యానాలోని భివానీ ప్రాంతానికి చెందిన బలాలీ గ్రామంలో మహావీర్ సింగ్ ఫోగట్ అనే మాజీ మల్లయోధుడు, తాను తేలేకపోయిన అంతర్జాతీయ పతకాన్ని కొడుకు చేత తెప్పించాలని కలగంటాడు. వరుసగా నలుగురూ ఆడపిల్లలే పుడతారు. కల అటకెక్కుతుంది. ఒకనాడు పెద్దపిల్లలిద్దరూ తమను తిట్టిన మగపిల్లలను చితకబాదారని ఫిర్యాదు వస్తుంది. ఆ క్షణం నుంచి గీత, బబితల బాల్యం మారిపోతుంది. తెల్లవారుజామున పరుగు, మట్టిలో కుస్తీ, ఊరి హేళన, చివరకు జుట్టు కత్తిరింపు. ఈ ఘట్టాలన్నింటినీ హాస్యరసంలో ముంచి నడిపించడం దర్శకుని చాతుర్యం. తండ్రి తమ ఆరోగ్యానికి హానికరమని పిల్లలు మొరపెట్టుకునే పాట విని ప్రేక్షకుడు నవ్వుతాడు. నవ్వుతూనే ఒక నిర్బంధాన్ని ఆమోదిస్తాడు.

2011 జనాభా లెక్కల ప్రకారం హర్యానాలో వెయ్యిమంది పురుషులకు 879 మంది స్త్రీలు మాత్రమే ఉన్నారు. అటువంటి నేల మీద ఆడపిల్లను గోదాలోకి దింపడం సామాన్య విషయం కాదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి బరువులెత్తే పోటీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచినప్పుడు ఆ వార్త మహావీర్‌ను కదిలించిందని చెబుతారు. ఒక తెలుగు పల్లెటూరి పిల్ల ఎత్తిన బరువు హర్యానా గోదాలో ప్రతిధ్వనించడం ఈ దేశపు విచిత్రాలలో ఒకటి.

పిల్లల మనసు మారడానికి చిత్రం చూపించిన కారణం గమనించదగినది. పద్నాలుగేళ్ల స్నేహితురాలి పెళ్ళిలో అక్కచెల్లెళ్లు తండ్రిపై అక్కసు వెళ్ళబోసుకుంటారు. ఆ బాలవధువు, మీ నాన్న మిమ్మల్ని కనీసం బిడ్డలుగా చూస్తున్నాడు, నాకు ఆ భాగ్యం లేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. ఆ మాటలతో సందేహం తీరిపోతుంది. సన్నివేశం హృద్యమే. కాని తర్కం అసంపూర్ణం. ఒక నిర్బంధం కన్న మరొక నిర్బంధం మేలని చెప్పడం వల్ల మొదటిది స్వేచ్ఛ కాబోదు. ఆ చిన్నపిల్ల నోట పలికిన సమాధానంతో తృప్తిపడి, చిత్రం ఆ ప్రశ్నను మళ్ళీ ఎత్తదు. తల్లి పాత్ర (సాక్షి తన్వర్) ఆ ప్రశ్న ఎత్తగలిగేది. ఆమె చేత వంటింట్లో మాంసం వండనివ్వనని మాత్రం అనిపించి ఊరుకున్నారు.

మరొక విశేషం కథనానికి సంబంధించినది. అక్కచెల్లెళ్ల కథను వినిపించే గొంతు వారిది కాదు, పెదనాన్న కొడుకుదో, చిన్నాన్న కొడుకుదో అయిన ఓంకార్‌ది. కుస్తీ నేర్పడానికి అతణ్ణి బలిపశువుగా వాడుకుంటారు. దెబ్బలు తినేదీ, మాంసం వండేదీ, నవ్వించేదీ అతడే. అపార్‌శక్తి ఖురానా ఈ పాత్రను చక్కగా పోషించాడు. అయినా గోదాలో మట్టి కరిచిన పిల్ల తన ఒంటినొప్పిని తానే చెప్పుకుని ఉంటే ఈ చిత్రం వేరుగా ఉండేది.

ప్రభుత్వ కార్యాలయాల వారు ఈ చిత్రంలో ఒక చిన్న దృశ్యాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని ఉంటారు. మ్యాట్ కోసం అర్జీ పట్టుకుని వెళ్ళిన మహావీర్‌కు క్రీడాశాఖ అధికారి భోజనం చేస్తూనే ఆడవాళ్ల కుస్తీకి నిధులెక్కడివని చెబుతాడు. మహావీర్ పరుపులు పరిచి మ్యాట్ చేసుకుంటాడు. వ్యంగ్యం సున్నితంగా, ద్వేషం లేకుండా ఉన్నందువల్లే గుచ్చుకుంటుంది.

ఇక చిత్రానికి ఆయువుపట్టు అనదగిన ఘట్టం. జాతీయ చాంపియన్ అయిన గీత (ఫాతిమా సనా షేక్) పాటియాలాలోని క్రీడా అకాడమీలో చేరుతుంది. జుట్టు పెంచుకుంటుంది, గోళ్ళకు రంగు వేసుకుంటుంది, కొత్త శిక్షకుని దగ్గర కొత్త పట్లు నేర్చుకుంటుంది. సెలవుల్లో ఇంటికి వచ్చి తండ్రి గోదాలోనే తండ్రి నేర్పినది పాతబడిందని చెబుతుంది. మాట మాట పెరిగి తండ్రీ కూతుళ్లు కుస్తీకి దిగుతారు. కండలు సడలిన తండ్రి ఊపిరి అందక రొప్పుతూ కూతురి చేతిలో చిత్తవుతాడు. చుట్టూ ఉన్నవారి ముఖాలలో విజయోత్సాహం లేదు. గెలిచిన పిల్ల ముఖంలోనూ లేదు. గురువును శిష్యుడు జయించడం గురువుకే గర్వకారణమని మన సంప్రదాయం చెబుతుంది. ఆ ఉపదేశం ఎంత బాధాకరమో ఈ సన్నివేశం చూపింది. ఆమిర్ ఖాన్ తన శరీరాన్ని పాత్రకు అర్పించిన నటుడన్న కీర్తి ఇక్కడ సార్థకమైంది. పొట్ట, మెడ మీది మడతలు, లేవబోయి తడబడే మోకాలు ఇవన్నీ మాటలకన్న ఎక్కువ చెబుతాయి.

పోరాటక్రీడల నేపథ్యంలో కుటుంబ కలహాన్ని చిత్రించడం కొత్త కాదు. 2011 నాటి అమెరికన్ చిత్రం ‘వారియర్’లో అన్నదమ్ములిద్దరూ చివరి పోటీలో తలపడతారు. దానినే 2015లో హిందీలో ‘బ్రదర్స్’గా తీశారు. తెలుగులో 2003లో వచ్చిన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’లో తనను, తల్లిని వదిలేసిన తండ్రి దగ్గరే కొడుకు కిక్‌బాక్సింగ్ శిక్షణ పొందవలసి వస్తుంది. వీటన్నింటిలోనూ తండ్రి ఏదో విధంగా దోషి. పిల్లల ఆగ్రహానికి న్యాయం ఉంది. ‘దంగల్’ తండ్రి దోషి కాడు, కనీసం చిత్రం దృష్టిలో కాడు. అందుకే గోదాలో ఓడిన తండ్రిని ఆ తర్వాతి కథలో గెలిపించవలసిన అగత్యం దర్శకునికి ఏర్పడింది. నువ్వు గెలిచింది నాన్న వయసు మీద, ఆయన విద్య మీద కాదని బబిత (సాన్యా మల్హోత్రా) అంటుంది. గీత అంతర్జాతీయ పోటీలలో వరుసగా ఓడుతుంది, ఫోనులో ఏడుస్తుంది, జుట్టు మళ్ళీ కురచవుతుంది. సొంత బుద్ధితో పెంచుకున్న జుట్టుకూ ఓటమికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం ఈ చిత్రం చేసిన పెద్ద అన్యాయం. క్రీడాకారిణి క్రమశిక్షణ జడలో ఉండదు.

ఓటమికి మరో కారణం కావాలి గనుక శిక్షకుని పాత్రను అల్పునిగా, అసూయాపరునిగా మలిచారు. గిరీశ్ కులకర్ణి సమర్థంగా నటించాడు గాని పాత్రలో లోతు లేదు. పతాకసన్నివేశంలో తండ్రిని ఒక గదిలో బంధించడం పూర్తిగా కల్పితం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో 55 కిలోల విభాగం ఫైనల్‌లో గీత ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఎమిలీ బెన్‌స్టెడ్‌పై సునాయాసంగా గెలిచింది. చిత్రంలో వలె చివరి క్షణాల్లో అయిదు పాయింట్ల పట్టుతో ఒడ్డున పడలేదు. ఆనాటి జాతీయ శిక్షకుడు విడుదల తర్వాత ఈ చిత్రణపై బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. సజీవులైన వ్యక్తుల కథను తీసుకున్నప్పుడు కల్పనకు ఒక హద్దు ఉండాలన్న ఆయన బాధ సహేతుకమైనది.

విచిత్రమేమంటే, సత్యానికి ద్రోహం చేసిన ఆ కల్పనే కథలోని అంతస్సత్యానికి దగ్గరగా వచ్చింది. గదిలో బందీ అయిన తండ్రి కేకలు ఎవరికీ వినబడవు. గోదాలో కూతురు అతని కోసం ప్రేక్షకులలో వెతికి, కనబడక, చిన్నప్పుడు తనను నీళ్ళలోకి తోసి, ప్రతిసారీ నేను కాపాడలేను, నీకు నువ్వే ఈదుకోవాలి అన్న తండ్రి మాట తలచుకుంటుంది. అప్పుడు మాత్రమే ఆమె ఒంటరిగా, తన బుద్ధితో, తన పట్టుతో గెలుస్తుంది. తండ్రికి గెలుపు కనబడదు, జాతీయగీతం మాత్రం వినబడుతుంది. రెండున్నర గంటల పాటు తండ్రిని సమర్థించిన చిత్రం, అతణ్ణి తలుపు వెనక ఉంచితే తప్ప కూతురికి తన విజయాన్ని ఇవ్వలేకపోయింది. దర్శకుడు ఎరిగి చేశాడో, ఎరగక చేశాడో గాని చిత్రంలోని నిజాయితీ అంతా ఆ మూసిన తలుపు దగ్గర ఉంది.

జైరా వసీమ్, సుహానీ భట్నాగర్ బాల్యపాత్రలలో చూపిన సహజత్వం ప్రథమార్ధానికి ప్రాణం. జైరాకు ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారం లభించింది. సుహానీ 2024 ఫిబ్రవరిలో పందొమ్మిదేళ్లకే కన్నుమూసింది. ఇప్పుడు ఆ పొలాల పరుగు దృశ్యాలు చూసేవారికి ఒక వేదన తప్పదు. ప్రీతమ్ సంగీతం పల్లె వాసనను పట్టుకుంది. చైనాలో 2017లో ఈ చిత్రం పొందిన అపూర్వ ఆదరణకు, అక్కడి ఇళ్ళలోనూ ఇటువంటి తండ్రులు ఉండడమే కారణం కావచ్చు.

మహావీర్ తన కూతుళ్లతో పాటు, తండ్రిని కోల్పోయిన తమ్ముడి బిడ్డలకు కూడా కుస్తీ నేర్పాడు. వారు చిత్రంలో లేరు. వారిలో ఒకరైన వినేశ్, ఫోగట్ సోదరీమణులలో చిన్నదైన సంగీత, 2016లో రియోలో కాంస్యం గెలిచిన సాక్షి మాలిక్ 2023లో ఢిల్లీ జంతర్‌మంతర్ వద్ద లైంగిక వేధింపుల ఆరోపణలపై విచారణ కోరుతూ బైఠాయించారు. ఆ రోజుల్లో వారి పక్షాన మాట్లాడిన గొంతు తండ్రిదో, సోదరునిదో కాదు, వారిదే. మరుసటి ఏడాది ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ 50 కిలోల విభాగం ఫైనల్‌కు చేరింది. పోటీనాటి ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. ముందటి రాత్రి బరువు తగ్గించుకోవడానికి చేసిన చివరి ప్రయత్నాలలో ఆమె జుట్టు కూడా కత్తిరించారు.