ఫ్యాట్స్ డామినో పాట – మన విమర్శ

రాక్ అండ్ రోల్ అంటే అమెరికన్ పెట్టుబడిదారీ సంస్కృతి వెదజల్లిన మత్తుమందని తీర్పుచెప్పి వూరుకోవడం అభ్యుదయ విమర్శకులలో కొందరికి అలవాటు. శ్రమ అక్కరలేని తీర్పు అది. మత్తుమందే అయితే యేనాడో దిగిపోయి వుండాలి. న్యూ ఆర్లియన్స్ నగరపు పియానో వాద్యకారుడు ఫ్యాట్స్ డామినో 1949 డిసెంబర్ 10న రికార్డు చేసిన ‘ది ఫ్యాట్ మ్యాన్’ను జనం నేటికీ వింటున్నారు. ఆయన 2017లో మరణించాడు. రికార్డులు బతికే వున్నాయి. యెందువల్ల?

మాటల్లో వెదికితే జవాబు దొరకదు. ఆయన పాటల్లో తిరుగుబాటు లేదు, జెండా లేదు. ప్రేమ, యెడబాటు, యింటిమీద బెంగ – చాలావరకు యింతే సరుకు. పాటలో వస్తువంటే సాహిత్యం మాత్రమేనని నమ్మే విమర్శ యిక్కడ చేతులెత్తేస్తుంది.

వస్తువు వాద్యంలో వున్నది. డామినో కుడిచేయి తాళంలోని ప్రతి దెబ్బనూ మూడుగా విరిచి, వొకే స్వరాల గుత్తిని వదలకుండా మోగిస్తుంది. మన తిశ్రగతి యెరిగిన చెవికి యిది వెంటనే పట్టుబడుతుంది. యెడమచేయి బరువుగా, తొందరలేకుండా నడుస్తుంది. ఆ నడకనే సాక్సఫోన్లూ బాసూ గిటారూ కలిసి పలుకుతాయి. బృందాన్ని దిద్ది తీర్చిన డేవ్ బార్తొలొమ్యూ యీ పద్ధతిలో క్యూబా లయనుకూడా కలుపుకున్నాడు. డ్రమ్ముమీద యెర్ల్ పామర్. వొక దుకాణం వెనుక గదిలో అందరూ వొకేసారి వాయించవలసిందే. వొకడు తప్పితే పాట మొత్తం మళ్లీ మొదటికి. యువకుడుగా మంచపు స్ప్రింగుల ఫ్యాక్టరీలో పనిచేసి, రాత్రులు పియానో వాయించినవాడు డామినో. ఆ లయలో వినబడేది వ్యక్తి ప్రదర్శన కాదు, కలిసి పనిచేసేవారి వొడుపు. వొంటరి మేధావిని కొలిచే బూర్జువా విమర్శకూ, నినాదం కోసం తడుముకునే మన విమర్శకూ యిది సమానంగానే అందలేదు.

పాలకులకు మాత్రం అందింది. 1956లో ‘బ్లూబెర్రీ హిల్’ అమెరికా అంతటా మార్మోగింది. అదే యేడు ఆయన పుట్టిన లూసియానా రాష్ట్ర శాసనసభ తెల్లవారూ నల్లవారూ కలిసి నాట్యమాడరాదని, ఆటలాడరాదని చట్టం చేసింది. సుప్రీంకోర్టులో 1959 దాకా పోతేగాని ఆ పీడ వదలలేదు. నిరసన వొక్క మాటైనా లేని సంగీతానికి అంత భయమెందుకు? ఆ లయ వింటే కాళ్లు నిలవవు. కాళ్లు కదిలితే హాలులో నల్లవారికీ తెల్లవారికీ నడుమ కట్టిన తాడు నిలవదు.

వ్యాపారం వేరే మార్గం తొక్కింది. 1955లో డామినో పాట ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ను తెల్ల గాయకుడు పాట్ బూన్ చేత మళ్లీ పాడించారు. బూన్ రికార్డు మొదటి స్థానానికి యెక్కింది, డామినోది పదవ స్థానంలో ఆగింది. వ్యాకరణం తప్పని ఆ శీర్షికను దిద్దబోయానని బూన్ తానే చెప్పుకున్నాడు. వాడుకభాష కోసం పోరాడిన జాతికి యీ ముచ్చట విడమరచి చెప్పాలా! పాట రాసినందుకు డామినోకు, బార్తొలొమ్యూకు రావలసిన వాటా వచ్చిన మాట నిజమే. కాని యీనాడు రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి వినండి. బూన్‌ది శుభ్రంగా వున్నది, యిస్త్రీ చేసిన చొక్కాలా. డామినోది నడుస్తున్నది.

అయితే ఆయన చేయి తగిలినదల్లా బంగారమని నేననను. 1963లో ఆయన కొత్త కంపెనీకి మారాడు. రికార్డింగు నాష్‌విల్‌కు పోయింది. పాత బృందం స్థానంలో వయొలిన్లూ బృందగానమూ వచ్చి పియానోను కప్పివేశాయి. గొంతు అదే, చేయి అదే. ఆ రికార్డులను అడిగి వినేవారు అరుదు.