డేవిడ్ హాక్నీ ప్రకృతిదృశ్య చిత్రాలు: మాధ్యమప్రయోగాలు, కాలభావన

వ్యాససంగ్రహం

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఆక్రిలిక్, ఫొటోగ్రఫీ, నీటిరంగులు, తైలవర్ణాలు, వీడియో, ఐప్యాడ్, బొగ్గు వంటి భిన్నమాధ్యమాలను వాడారు. ఈ మార్పులను కొత్త పరికరాలపై మోజుగా చూడడం పరిపాటి. చూసేవారి కదలికనూ, గడిచే కాలాన్నీ నిశ్చలమైన చిత్రంలోకి తేవడమెలా అన్న ఒకే సమస్యకు అవి వేర్వేరు సమాధానాలని చూపడం, వాటిలో ఏది ఎంతవరకు ఫలించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రకృతిదృశ్యం, మాధ్యమం, కాలభావన, ఏకబిందుదృష్టి, ఫొటోగ్రఫీ, ఐప్యాడ్, యార్క్‌షైర్.

1. ఉపోద్ఘాతం

హాక్నీ 1937లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్‌లో జన్మించారు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో 1962 వరకు చదివి, 1964లో కాలిఫోర్నియా చేరుకున్నారు. అక్కడి ఈతకొలనులను ఆక్రిలిక్ రంగుల్లో చిత్రించి ప్రసిద్ధులయ్యారు. 1967 నాటి 'ఎ బిగ్గర్ స్ప్లాష్' వాటిలో ముఖ్యమైనది. నీళ్లలోకి ఎవరో దూకారు. మనిషి కనిపించడు, ఎగిసిన నీళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఒక్క క్షణంలో ముగిసే ఆ చిమ్మును ఆయన సన్నని కుంచెతో రెండు వారాల పాటు చిత్రించారు. క్షణానికీ, దానిని చిత్రించే కాలానికీ మధ్య ఉన్న ఈ వైరుధ్యమే తర్వాతి ప్రకృతిదృశ్య చిత్రాలన్నిటికీ మూలసమస్య అయింది.

యూరప్ చిత్రకళలో రినైజాన్స్ నుంచి స్థిరపడిన పర్‌స్పెక్టివ్ పద్ధతి చూపరిని ఒకచోట కదలకుండా నిలబెడుతుంది. దృశ్యంలోని గీతలన్నీ ఒకే బిందువు వద్ద కలుస్తాయి. కెమెరా ఈ పద్ధతినే యంత్రంగా మార్చిందని హాక్నీ వాదన. మనిషి రెండు కళ్లతో, తల తిప్పుతూ, నడుస్తూ, గుర్తు చేసుకుంటూ చూస్తాడు. ఆ చూపును చిత్రంలో నిలపడానికి ఏ మాధ్యమం పనికివస్తుందన్న అన్వేషణగా ఆయన ప్రయోగాలను చదవవచ్చు.

2. ఫొటోగ్రఫీతో ఫొటోగ్రఫీపై విమర్శ

1982లో హాక్నీ పోలరాయిడ్ ఫొటోలను పక్కపక్కన పేర్చి 'జాయినర్లు' అనే కూర్పులు చేయడం మొదలుపెట్టారు. ఈ ధోరణికి పరాకాష్ఠ 'పేర్‌బ్లాసమ్ హైవే, 11-18 ఏప్రిల్ 1986, నం. 2'. కాలిఫోర్నియా ఎడారిలోని ఒక రహదారి కూడలిని ఏడు వందలకు పైగా ఫొటోలతో ఇందులో కూర్చారు. దూరం నుంచి చూస్తే ఒకే దృశ్యంలా కనిపించినా, ప్రతి వస్తువునూ దాని దగ్గరికి వెళ్లి తీసినవే ఎక్కువ. దారిపక్కన పడిన సీసాలు, ఎడారి చెట్లు, ట్రాఫిక్ బోర్డులు అన్నీ సమానమైన స్పష్టతతో ఉంటాయి. కుడివైపు బండి నడిపేవాడు గమనించే సూచికలు, ఎడమవైపు పక్కసీటులోని ప్రయాణికుడు తీరికగా చూసే పరిసరాలు అమరాయి.

ఈ కృతి శీర్షికలో ఎనిమిది రోజుల వ్యవధి నమోదు కావడం గమనార్హం. మామూలు ఫొటోకు ఒక తేదీ, నిజానికి ఒక క్షణం చాలు. ఇక్కడ వందల క్షణాలు ఒకే ఆకాశం కింద చేరాయి. ఆకాశంలోని నీలిరంగు ముక్కముక్కకూ మారడం అతుకుల లోపం కాదు, గడిచిన కాలానికి ఆనవాలు. అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. దీనిలోని ప్రతి ముక్కా కెమెరా తీసినదే. ఎంత కూర్చినా చూపు తునకలుగానే మిగిలింది, చేతి గీతకుండే ఎడతెగని ప్రవాహం దానికి రాలేదు. ఆ లోటే ఆయనను తిరిగి కుంచె వైపు నడిపించిందని భావించవచ్చు.

3. యార్క్‌షైర్: యాభై కాన్వాసుల చెట్లు

1997లో మరణశయ్యపై ఉన్న మిత్రుడు జొనాథన్ సిల్వర్‌ను చూడడానికి హాక్నీ తరచుగా తూర్పు యార్క్‌షైర్ కొండదారుల్లో కారులో ప్రయాణించారు. 1998 నాటి 'గారోబీ హిల్' ఆ ప్రయాణాల జ్ఞాపకం నుంచి పుట్టింది. మెలికలు తిరిగే దారి కొండ దిగి, పొలాల మధ్యకు జారిపోతుంది. చూపరి దారి పక్కన నిలబడడు, దానిపై సాగుతుంటాడు. 2004 నాటి నీటిరంగుల వరుస 'మిడ్‌సమర్: ఈస్ట్ యార్క్‌షైర్'లో 36 చిత్రాలున్నాయి. నీటిరంగులలో వేసిన పూతను దిద్దడం కష్టం, ఆరేలోగా నిర్ణయం జరిగిపోవాలి. ఆరుబయట చూపును వేగవంతం చేసుకోవడానికి ఈ మాధ్యమం ఆయనకు అభ్యాసంగా ఉపకరించింది.

ఆ అభ్యాసం 2007లో 'బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్'కు దారితీసింది. 15 అడుగుల ఎత్తు, 40 అడుగుల వెడల్పు గల ఈ తైలవర్ణచిత్రం 50 కాన్వాసుల కూర్పు. ఆకు తొడగడానికి ముందు కొమ్మలన్నీ బయటపడి ఉన్న చెట్లు ఇందులోని వస్తువు. అంత పెద్ద చిత్రాన్ని వేస్తూ వెనక్కి జరిగి మొత్తాన్ని చూడడం సాధ్యం కాదు. అందుకే పూర్తవుతున్న కాన్వాసులను ఫొటో తీసి, కంప్యూటర్‌లో జతచేసి, తర్వాతి రోజు పనిని నిర్ణయించుకున్నారు. ఈ చిత్రం పూర్తి శీర్షికలో ఫొటోగ్రఫీ అనంతరయుగపు ఆరుబయటి చిత్రణ అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటలున్నాయి. ఫొటోగ్రఫీని దాటామని చెప్పుకొనే చిత్రం ఫొటో సాయం లేకుండా పూర్తయ్యేది కాదన్నది ఇక్కడి విశేషం. కెమెరా ఇక్కడ దృశ్యాన్ని చూడలేదు, చిత్రాన్ని చూసింది. పెత్తనం పోయి పరిచారకత్వం మిగిలింది. చూపరి విషయంలోనూ ఫలితం స్పష్టమే. ఒక్క చూపుకు అందని ఆ కొమ్మల అల్లికను తల తిప్పుతూ, అటూ ఇటూ నడుస్తూ చూడవలసిందే.

4. ఐప్యాడ్: వేగం, సమతలం

2009లో ఐఫోన్‌పై, 2010లో ఐప్యాడ్‌పై హాక్నీ వేలితో చిత్రించసాగారు. తెరకు సొంతవెలుగు ఉండడంతో సూర్యోదయానికి ముందు చీకటిలో, దీపం వేయకుండానే బొమ్మ గీయగలిగారు. రంగు కలుపుకోవడం, ఆరనివ్వడం అనే పనులు లేవు. వాడిన సాఫ్ట్‌వేర్ గీతల క్రమాన్ని గుర్తుంచుకొని తిరిగి చూపగలదు. కాలాన్ని వెదికే చిత్రకారుడికి ఇంతకంటే అనువైన పరికరం దొరకదనిపిస్తుంది.

'ది అరైవల్ ఆఫ్ స్ప్రింగ్ ఇన్ వోల్డ్‌గేట్, ఈస్ట్ యార్క్‌షైర్ ఇన్ 2011' అనే సంపుటిలో 51 ఐప్యాడ్ చిత్రాల ముద్రణలు, 32 కాన్వాసుల తైలవర్ణచిత్రం ఉన్నాయి. ఇవి 2012లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శితమయ్యాయి. ఒకే దారి శీతకాలం నుంచి వసంతానికి మారడాన్ని తేదీలవారీగా చూపిన తీరు ప్రశంసనీయం. కాని పెద్దకాగితాలపై ముద్రించినప్పుడు ఒక్కొక్క చిత్రంలో కొంత వెలితి బయటపడుతుంది. తెరపై వేలి కదలికగా అనిపించిన గీత, కాగితంపై ఒకే మందంతో చదునుగా పరుచుకుంటుంది. గడ్డికీ, బురదకూ, బెరడుకూ స్పర్శభేదం తగ్గింది. కుంచెకు కాన్వాసు కలిగించే నిరోధం ఇక్కడ లేకపోవడమే ఇందుకు కారణం. తెర వెలుగు ముద్రణలోకి రాదు. కాలం ఒక్కొక్క చిత్రంలో కాక వరుసలో మాత్రమే పలుకుతుంది. విడిగా నిలవలేని చిత్రాలు సమూహంలో బలం పొందడం ఈ మాధ్యమపు లాభమూ, నష్టమూ.

ఇదే కాలంలో తొమ్మిది కెమెరాలను కారుకు అమర్చి, వోల్డ్‌గేట్ దారిలో నెమ్మదిగా నడుపుతూ నాలుగు ఋతువులను వీడియోలుగా తీశారు. ఋతువుకు తొమ్మిది చొప్పున 36 తెరలపై అవి కదులుతాయి. ప్రతి కెమెరా కోణం కొద్దిగా వేరు కావడంతో, ఒక తెర అంచు దాటిన కొమ్మ పక్కతెరలో మరోలా కనిపిస్తుంది. జాయినర్లలో ఆగిన ప్రశ్నకు ఇది కదిలే సమాధానం.

5. బొగ్గు: వర్ణం లేని వసంతం

మాధ్యమాల చరిత్రను పాతనుంచి కొత్తకు సాగే ప్రగతిగా చదివేవారికి 'ది అరైవల్ ఆఫ్ స్ప్రింగ్ ఇన్ 2013' సమస్య అవుతుంది. ఐప్యాడ్, వీడియోల తర్వాత హాక్నీ అతిప్రాచీనమైన బొగ్గును చేపట్టారు. వోల్డ్‌గేట్ దారిలో ఐదు చోట్లను ఎంచుకొని, ఒక్కొక్కదానిని ఐదు దశల్లో, మొత్తం 25 చిత్రాలుగా గీశారు. వసంతమంటేనే రంగు. రంగును పూర్తిగా వదులుకొని వసంతాగమనాన్ని చెప్పడం సాహసం. మొదటి దశల్లో కొమ్మలు విడివిడి గీతలుగా, దారి తెల్లని ఖాళీగా ఉంటాయి. చివరికి ఆకులు నిండి, నీడలు నేలపై పడి, కాగితం నల్లబడుతుంది. సాధారణంగా చీకటికి గుర్తయిన నలుపు ఇక్కడ జీవసమృద్ధికి గుర్తయింది. ఐప్యాడ్ చిత్రాల్లో తేదీలు, రంగులు కలిసి చెప్పినదాన్ని ఇక్కడ నలుపు సాంద్రత ఒక్కటే చెప్పింది. కాగితం గరుకుతనం ప్రతి గీతలోనూ చేతి ఒత్తిడిని నిలుపుకొంది. పరిశీలించిన కృతుల్లో కాలభావన అత్యంత సాంద్రంగా పలికినది ఇందులోనే.

6. నార్మండీ: చుట్టుచిత్రం

చైనా చుట్టుచిత్రాలపై హాక్నీకి ఆసక్తి పాతది. కాంగ్‌షీ చక్రవర్తి దక్షిణయాత్రను చూపే చుట్టుచిత్రంపై 1988లో వచ్చిన డాక్యుమెంటరీకి ఆయనే వ్యాఖ్యాత. 2019లో ఫ్రాన్స్‌లోని నార్మండీకి చేరాక, 11వ శతాబ్దపు బేయూ కుట్టుపని వస్త్రం ఆ ఆసక్తిని మళ్లీ రేపింది. దాదాపు 70 మీటర్ల ఆ వస్త్రంలో 1066 నాటి యుద్ధగాథ నడుస్తూ చదవవలసిన కథగా సాగుతుంది. 2020 నాటి ఐప్యాడ్ చిత్రాలను కలిపి హాక్నీ రూపొందించిన 'ఎ ఇయర్ ఇన్ నార్మండీ' 90 మీటర్ల పొడవైనది. 2011లో విడివిడి ముద్రణలుగా తేలిపోయిన మాధ్యమం ఇక్కడ అతుకు లేని వరుసగా మారి తన సహజరూపాన్ని పొందింది. చూపరి నడకే ఋతుచక్రమైంది.

7. ముగింపు

హాక్నీ ప్రయోగాలను పరికరాల జాబితాగా వర్గీకరిస్తే వాటి అంతస్సూత్రం మరుగున పడుతుంది. జాయినర్లు కాలాన్ని ముక్కలుగా పేర్చాయి. యాభై కాన్వాసులు చూపరిని నడిపించాయి. ఐప్యాడ్ రోజులను లెక్కించింది. బొగ్గు ఋతువును చిక్కబరిచింది. మాధ్యమం కొత్తదా పాతదా అన్నది విలువకు ప్రమాణం కాదనీ, చిత్రకారుడి ప్రశ్నకు అది ఇచ్చే నిరోధమే ప్రమాణమనీ 2011, 2013 నాటి రెండు వసంతాల పోలిక నిరూపిస్తున్నది. డిజిటల్ కళపై పరిశోధన చేసేవారు పరికరం సామర్థ్యంతో పాటు, అది కళాకారుడి నుంచి తీసివేసే శ్రమను కూడా పరిగణించవలసి ఉంటుంది. తగ్గిన శ్రమతో పాటు చిత్రంలో ఏది తగ్గిందన్న ప్రశ్న వేసినప్పుడే ఆ మాధ్యమానికి న్యాయమైన విలువకట్టడం సాధ్యమవుతుంది.