ఫుట్‌బాలు ఆటగాండ్ర జీతములు

కొన్ని యాక్షేపణలు వినినతోడనే న్యాయముగ దోచును. నిలిచి విచారించినచో సగమే న్యాయమని తేలును. ఇంగ్లండులో ఫుట్‌బాలును వృత్తిగా గైకొన్నవారికి మితిమీరిన జీతము లిచ్చుచున్నారను మాట యట్టిది. ఆ దేశపు ప్రథమశ్రేణి ఆటగాండ్రలో వారమునకు లక్ష పౌనులకు మించి గడించువారు పలువురు గలరు. రాత్రులెల్ల మేలుకొని రోగులకు పరిచర్య చేయు నర్సు ఏడాది పొడుగున పాటుపడియు పొందలేని ధనమును, బంతిని తన్నువాడు ఒక్క వారములో పొందుట ధర్మమా యని పెద్దలు ప్రశ్నించుచున్నారు. అడుగువారి హృదయము మంచిదే. కాని వారు దోషమును మోపుచున్న చోటు తగినది కాదని మా యభిప్రాయము.

ఎక్కువ యనినప్పుడు దేనితో పోల్చి యెక్కువ? వాని శ్రమవలన వచ్చిన రాబడితోనా, లోకోపకారకమైన యితర శ్రమల ఫలముతోనా? ఈ రెండు ప్రశ్నలును వేఱు. వీనిని కలిపి యడుగుటచేతనే వాదము చిక్కుపడుచున్నది.

మొదటి ప్రశ్నకు చరిత్రమే సమాధానము చెప్పుచున్నది. ఇంగ్లండులో జీతమునకు ఆడుట 1885లో శాసనసమ్మతమయ్యెను. 1901లో వారమునకు 4 పౌనులకు మించి యెవ్వరికిని ఈయరాదని హద్దు పెట్టిరి. అంకె పెరుగుచు వచ్చినను హద్దు మాత్రము 60 ఏండ్లు నిలిచెను. 1948-49వ సంవత్సరపు పోటీలకు లీగు మైదానములలో నాలుగు కోట్లకు పైగా ప్రేక్షకులు రుసుము చెల్లించి వచ్చిరి. నాడు ఎంతటి నేర్పరికైనను వారమునకు 12 పౌనులే గరిష్ఠము. వాటాదారుల లాభమునకును హద్దుండెనను మాట నిజమే. అయినను జనులు ఎవని యాట చూడవచ్చిరో వానికి తన శ్రమ విలువను అడుగు హక్కు లేకుండెను. ఒప్పందకాలము తీరినను క్లబ్బు సమ్మతిలేక మఱియొక క్లబ్బునకు పోవుటకును వీలులేకుండెను.

1960లో డెనిస్ లా యను యువకుని హడర్స్‌ఫీల్డు క్లబ్బువారు మాంచెస్టరు సిటీవారికి 55,000 పౌనులకు ఇచ్చివేసిరి. నాటి గరిష్ఠవేతనము వారమునకు 20 పౌనులు. మన దేశమున కన్యాశుల్కమును నిరసించిన యిండ్లవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. వెల కట్టినది ఒకరికి, సొమ్ము ముట్టినది మఱియొకరికి. 1953లో షెఫీల్డు వెడ్నెస్‌డే క్లబ్బు ఆటగాడు డెరెక్ డూలీకి ఆటలో కాలు విరిగి, పుండు విషమించి, ఆ కాలినే తీసివేయవలసివచ్చెను. అప్పటికి వానికి 23 ఏండ్లు. వారమునకు 15 పౌనులు మించని కొలువులో అట్టి దినమునకై యతడు ఏమి కూడబెట్టగలడు?

జిమ్మీ హిల్ నాయకత్వమున ఆటగాండ్రు సమ్మె కట్టెదమని నిలువగా 1961 జనవరిలో ఆ హద్దు తొలగెను. 1963లో జార్జి ఈస్ట్‌హామ్ వ్యాజ్యమునందు ఆటగానిని పట్టియుంచు పద్ధతి అన్యాయమని న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1995లో బోస్మన్ వ్యాజ్యమున యూరపు న్యాయస్థానము, ఒప్పందము ముగిసినవాడు వెలలేకయే వేఱు క్లబ్బునకు పోవచ్చుననెను. 1992లో ప్రీమియర్ లీగు ఏర్పడినపిమ్మట టెలివిజనువారి ధనము వెల్లువగా వచ్చెను. నేటి జీతములు ఈ మార్గమున వచ్చినవి. వానిని తగ్గించిన యెడల మిగులు ధనము నర్సు చేతికి పోదు. క్లబ్బు యజమానుని పెట్టెలోనే యుండును. కావున రాబడితో పోల్చినచో ఆటగాడు పరులసొమ్ము దోచుచున్నాడనుట చెల్లదు.

ఇక రెండవ ప్రశ్న. నర్సు ఒకేసారి కొందఱు రోగులకే సేవ చేయగలదు. ఆటగాని నేర్పును ఒకే సాయంకాలము కోట్లమంది చూచుచున్నారు. బజారు సంఖ్యను లెక్కించునుగాని యుపకారమును తూచదు. ఈ లోపమును సవరించుటకే ప్రభుత్వములును పన్నులును ఉన్నవి. నర్సు జీతము స్వల్పమైనచో ఆ లోభము ప్రభుత్వమువారిది, వారిని ఎన్నుకొన్న ప్రజలది. 2020 ఏప్రిలులో మహమ్మారి కాలమున ఒక మంత్రి, ఆటగాండ్రు జీతము తగ్గించుకొనవలెనని బోధించెను. ఆటగాండ్రు తమలో తాము చందాలు కూర్చి వైద్యసేవల ధర్మనిధి కిచ్చిరి. ఆ జూనులోనే మార్కస్ రాష్‌ఫర్డ్ అను ఆటగాడు, వేసవి సెలవులలో పేదబిడ్డల భోజనపుచీట్లను ఆపవలదని బహిరంగలేఖ వ్రాసి ప్రభుత్వముచే నిర్ణయమును మార్పించెను. దాతయైనంతమాత్రమున జీతము న్యాయమగునని మేమనము. పరులకు నీతి చెప్పువారు తమ గృహమును ముందు చక్కబెట్టుకొనవలయునని మాత్రము చెప్పుచున్నాము.

మా యాక్షేపణ వేఱుచోట్ల గలదు. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూలు నగరమున ప్రెస్టన్ యంత్రశాల స్త్రీల జట్టు ధర్మకార్యమునకై ఆడగా 53,000 మంది చూడవచ్చిరి. ఏడాది తిరుగకముందే ఫుట్‌బాలు సంఘమువారు స్త్రీలకు మైదానములు ఈయరాదని శాసించిరి. 1971 వరకు ఆ నిషేధము నిలిచెను. స్త్రీల యాటకు ప్రేక్షకులు తక్కువ, కావున జీతము తక్కువ యని నేడు చెప్పువారు, తలుపు మూసి యేబదియేండ్లు తాళము వేసినవారెవరో మఱువరాదు. పురుషుల జీతము ఎక్కువయని వాపోవు నోళ్లు స్త్రీల జీతము తక్కువయని ఏల పలుకవు?

మఱియొకటి. రాబడికి మించి జీతము లిచ్చుట దుర్వ్యయమే. ద్వితీయశ్రేణి క్లబ్బుల జీతముల మొత్తము కొన్ని సంవత్సరములలో వాని రాబడినే మించినది. 1885లో పుట్టిన బరీ క్లబ్బు అప్పులలో మునిగి 2019 ఆగస్టులో లీగునుండి వెలివేయబడెను. పట్టణము తన యాటను పోగొట్టుకొన్నది. అచ్చట తప్పు జీతము పుచ్చుకొన్నవానిది కాదు, లేని సొమ్మును వాగ్దానము చేసినవానిది.

కావున చదువరులారా, ఆటగాని జీతమును చూచి కనలుటకు ముందు అది ఎవరి చేతినుండి వచ్చినది, అతనికి ఈయకున్న ఎవరికి పోవును, ఆ మైదానమున అడుగిడనీయబడని వారెవరు అను మూడు ప్రశ్నలు వేసికొనుడు. అధికాదాయమునకు అధికపు పన్ను విధింపుడు, నర్సునకు గౌరవమైన జీతమిండు, స్త్రీలకు మైదానమును తెఱువుడు. శ్రమజీవి వేతనమునకు హద్దు పెట్టుట మాత్రము సంస్కారము కాదు. 60 ఏండ్లు చేసి చూచిన యన్యాయము.