మెట్ల కింద ఊరు

దసరాకు మా తొండూరు వైపు ఎవరింట్లో బొమ్మల కొలువు పెట్టినా, నా చూపు ముందు మెట్ల కిందికే పోతుంది. అక్కడ ఇసుక పరిచి ఆవాలు చల్లి నీళ్లు చిలకరిస్తారు; నాలుగు రోజులకు పచ్చని పైరు లేస్తుంది. అద్దం ముక్క అంచులకు మట్టి కప్పితే చెరువు. గుండ్రాళ్లు పేరిస్తే కొండ. ఆ పక్కన కల్లుగీత కార్మికుడు ఎక్కుతున్న తాటిచెట్టు, కొండపల్లి బొమ్మ.

ఇలా బొమ్మలతో చిన్న లోకం పేర్చే సరదా మన ఒక్కరిదే కాదు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి, బొమ్మ సైనికులతో నేల మీద యుద్ధాలాడే పద్ధతి చెప్పాడు. ఇప్పుడు ఆ ఆటలవాళ్లు అంగుళం సైనికుడికి కూడా ముందు పూత పూసి, దాని మీద పల్చగా రంగులేస్తారు. కొండపల్లివాళ్ల పనీ అదే వరస. తేలికైన తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి చెక్కుతారు. చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కుతోనే మీసం, తలపాగా మడతలు తీరుస్తారు. ఆపైన సున్నం పూత, తర్వాతే రంగు.

అంబారీ ఏనుగును చేతిలోకి తీసుకుని చూడండి. వీపు మీద కప్పిన బట్ట అంచున సన్నని పసుపు గీత ఎక్కడా తెగదు. మేక వెంట్రుకల కుంచెతో ఊపిరి బిగబట్టి లాగిన గీత అది. నాకు ఆ గీత అంటే ఏనుగు కంటే ఇష్టం.