ఇచ్చి దాచుకునే విత్తనం

దోసకాయ తరగబోయే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూడటం మన ఇళ్లలో అందరికీ అలవాటే. చేదుంటే కాయ పారేస్తారు, బాగుంటే పప్పులోకో పచ్చడిలోకో వెళ్తుంది. పెరట్లో దోసపాదు ఉన్న ఇల్లాలు అక్కడితో ఆగదు. కండగా, కమ్మగా ఉన్న పండుకాయ దొరికితే గింజల గుజ్జంతా గిన్నెలోకి తీసి పక్కన పెడుతుంది. కాయ చేదెక్కడానికి నీటి ఎద్దడి, ఎండ తీవ్రత కొంత కారణమైనా, చాలావరకు అది తీగ పుట్టుకతో తెచ్చుకున్న గుణం. అందుకే చేదుకాయ గింజని ఏటేటా వదిలేస్తూ, కమ్మని కాయ గింజనే నాటుకుంటూ వచ్చిన ఇళ్లలో చేదు తగ్గుతూ వచ్చింది. మనం ఈరోజు తింటున్న దోసని ఇలా తీర్చిదిద్దింది ఏ ప్రయోగశాలా కాదు. రుచి చూసిన నాలుకలూ, గింజ దాచిన చేతులూ.

ఆ చేతులు చేసిన రెండో పని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. దాచిన గింజని ఇంకొకరికి ఇవ్వడం. నా దృష్టిలో ఇది దాచడం కన్నా పెద్ద పని. ఒక్క ఇంట్లోనే ఉన్న విత్తనానికి ఏ భరోసా లేదు. ఒక ఏడు గాలివానకి పందిరి కూలిపోతుంది, ఇంకో ఏడు డబ్బాలో పురుగు పడుతుంది, మరో ఏడు నాటే వేళకి ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. ఆ రకం ఆ ఇంటితో ఆఖరు. అదే గింజ పది ఇళ్లకి పంచి ఉంటే, వాళ్లలో ఒకరి గడప ఎక్కి నాలుగు గింజలు అడిగి తెచ్చుకుంటాం. మంచి విత్తనాన్ని దాచడానికి పొరుగింటి పెరడుని మించిన చోటు లేదు.

అయితే ఇచ్చేది నిలబడే విత్తనం కావాలి. దానికి కొంత శ్రద్ధ, కొంత పనితనం అవసరం.

ముందు కాయని కాదు, మొక్కని చూడాలి. ఒక పెద్ద బెండకాయ కనిపించగానే దాన్ని విత్తనానికి వదిలేస్తారు చాలామంది. అది కాసిన మొక్క పల్లాకు తెగులుతో పసుపెక్కి ఉంటే ఆ కాయ ఎంత పెద్దదైతే ఏం లాభం? చుట్టూ అన్నీ తెగులుకి లొంగినా పచ్చగా నిలబడ్డ మొక్క, తొందరగా కాపుకొచ్చి ఎక్కువ రోజులు కాసిన మొక్క, అలాంటిది ఎంచుకోవాలి. ఒక్క మొక్క నుంచి కాక వీలైనన్ని మంచి మొక్కల నుంచి తలా ఒకటో రెండో కాయలు తీసి, గింజలు కలపాలి. లేకపోతే తరాలు గడిచేకొద్దీ, ముఖ్యంగా తీగజాతుల్లో, సత్తువ సన్నగిల్లుతుంది. తొలికాపూ చివరికాపూ వంటకి వాడుకుని, తీగ మంచి ఊపు మీదున్నప్పటి కాయని విత్తనానికి వదలడం మంచిది. ఆ కాయకి ఎర్రగుడ్డ పీలిక కడతారు. చూసుకోకుండా ఎవరూ కోయకుండా అది గుర్తు.

ఏ కాయైనా విత్తనానికి తినే అదనులో పనికిరాదు. బీరకాయ తీగ మీదే ఎండి, గోధుమ రంగుకి తిరిగి, ఊపితే గలగలమనాలి. అప్పుడు మూతి విరిస్తే నల్లటి గింజలు వాటంతటవే రాలతాయి. వంకాయ పసుపు రంగుకి తిరిగేదాకా చెట్టునే ఉండాలి. తర్వాత నీళ్లలో పిసికితే గట్టి గింజలు అడుగుకి చేరతాయి, తాలు తేలిపోతుంది. టమాటా గింజల చుట్టూ ఉండే జిగురు మొలకని అడ్డుకుంటుంది. ఆ గుజ్జుని గ్లాసులో రెండుమూడు రోజులు పులియనిస్తే జిగురు వదులుతుంది, అప్పుడు కడిగి ఆరబెట్టాలి. తోటకూరకైతే కంకి ఎండాక చాటలో నలిపి చెరగడమే.

అసలు చిక్కు పరాగంతో వస్తుంది. కొత్తగా గింజలు పంచుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. చిక్కుడు, టమాటా చాలావరకు తమ పువ్వులోనే తాము పరాగ సంపర్కం జరుపుకుంటాయి. పక్కన ఇంకో రకం ఉన్నా పెద్దగా కలవవు. విత్తనం తీయడం నేర్చుకునేవాళ్లు వీటితో మొదలుపెట్టాలి. మిరప, వంగ అంత నమ్మకం కాదు, తేనెటీగలు ఈ దొడ్లోంచి ఆ దొడ్లోకి పుప్పొడి మోసుకొస్తాయి. 2010 ఫిబ్రవరిలో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ సాగుకి అనుమతిని కేంద్ర ప్రభుత్వం ఆపేసినప్పుడు జరిగిన చర్చలో, ఆ పుప్పొడి మన దేశవాళీ వంగ రకాల్లో కలిసిపోతుందన్న భయం కూడా ఉంది. ఇక సొర, బీర, గుమ్మడి, పొట్ల లాంటి పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఎటు నుంచి ఏ పుప్పొడి వస్తుందో మనకి తెలియదు. పైగా ఆ కలయిక ఈ ఏటి కాయలో కనపడదు. పొడుగు సొర పొడుగ్గానే కాస్తుంది. దాని గింజ వేసిన మరుసటి ఏడు మాత్రం పొడుగూ గుండ్రనా కాని కాయలు దిగుతాయి. మనం ఇచ్చిన ఇంట్లో కూడా అవే దిగుతాయి.

దీనికి మార్గం చేత్తో చేసే పరాగ సంపర్కం. సొరపువ్వు పొద్దు వాలుతుంటే విచ్చుకుంటుంది. మధ్యాహ్నం దాటాక పందిరి కిందికి వెళ్లి, ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలు వెతకాలి. ఆకుపచ్చ తొడిమ చివర తెల్లటి రేకు బయటికి తొంగిచూస్తుంటుంది. ఆడమొగ్గ కింద నూగుతో వేలెడంత పిందె ఉంటుంది, మగమొగ్గకి సన్నటి పొడవాటి కాడ మాత్రమే. రెండింటి మొనలకీ మెత్తటి దారం చుట్టి, పురుగులు దూరకుండా మూసేయాలి. దీపాలు పెట్టే వేళకి మగపువ్వు తెంపి, రేకులు వలిచేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రం మీద సుతారంగా అద్దాలి. అదే రకంలో వేరే తీగ మీది మగపువ్వైతే ఇంకా మంచిది. మళ్లీ ఆడపువ్వుని మూసి కట్టి, కాడకి రంగుదారం ముడివేయాలి. దోస, గుమ్మడి, కాకర పొద్దున్నే పూస్తాయి, వాటికి ఈ పని తెల్లవారుజామున పడుతుంది. పది పువ్వులకి కడితే కొన్నే నిలుస్తాయి. అయినా ఆ కొన్ని కాయల గింజ గురించి ఎవరు అడిగినా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పొచ్చు.

సొర విషయంలో ఇంకో హెచ్చరిక. చేదు సొరకాయ మామూలు చేదు కాదు. ఆ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఎక్కడి నుంచో వచ్చిన సొర గింజ వేస్తే మొదటి కాయ ముక్క నాలుకకి తాకించి చూడాలి, చేదనిపిస్తే ఉమ్మేసి తీగ మొత్తం పీకేయాలి. ఆ కబురు గింజ ఇచ్చినవాళ్లకీ చెప్పాలి.

దాచడంలో పాతవాళ్లకి ఎన్ని దారులో! ఎండిన సొరబుర్రని పగలగొట్టకుండా దూలానికి వేలాడదీసేవాళ్లు. పేడముద్దలో గుమ్మడి, బీర గింజలు అద్ది గోడకి కొట్టేవాళ్లు. పప్పుగింజలకి ఆముదం పట్టించేవాళ్లు. కుండలో బూడిదా వేపాకూ కలిపి, మూతి గుడ్డతో బిగించి పేడతో మెత్తేవాళ్లు. అన్నింటి పరమార్థం తేమనీ పురుగునీ దగ్గరికి రానివ్వకపోవడం. విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది, దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. మనకి గాజుసీసాలున్నాయి. నీడలో బాగా ఆరిన గింజ పంటికింద నొక్కుకుపోకుండా పుటుక్కున విరగాలి. అప్పుడు సీసాలో పోసి, వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డమూటలో కట్టి అందులో వేస్తే మిగిలిన తేమ అది లాగేస్తుంది.

ఇక పంచుకోవడం. పుట్టింటి నుంచి వచ్చే కూతురు కొంగుముడిలో గింజలు తెచ్చుకోవడం, అవి అత్తవారి ఊరిలో వీధంతా పాకడం మన పల్లెలకి కొత్త కాదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో గింజతో పాటు మాట కూడా నడిచేది.

"వదినా, ఆ పొట్ల గింజలు నాలుగు ఇద్దురూ."

"తీసుకో అమ్మా. పిందె జానెడయ్యాక మొనకి చిన్న రాయి కట్టు. లేకపోతే మెలికలు తిరుగుతుంది."

ఈ రెండో మాట లేని విత్తనం సగం విత్తనమే. అందుకే గింజలు పొట్లం కట్టి ఇచ్చేటప్పుడు నాలుగు సంగతులు రాసివ్వమని నా మనవి: రకం పేరు, ఏ ఊరిది, ఏ నెలలో తీసింది, పక్కన అదే జాతిలో ఇంకో రకం ఉందా లేదా. కొన్న ప్యాకెట్టు మీద హైబ్రిడ్ అని ఉంటే ఆ కాయల గింజలు మార్పిడికి తేవద్దు. అవి మొలుస్తాయి, కాస్తాయి కూడా. కానీ తల్లి గుణాలు పిల్లల్లో చెదిరిపోతాయి, తీసుకున్నవాళ్ల ఏడాది శ్రమ వృథా. ఇచ్చేముందు తడిగుడ్డలో పది గింజలు చుట్టి ఎన్ని మొలిచాయో చూసుకోవడం కనీస మర్యాద.

ఈ మర్యాదని ఊళ్లకి ఊళ్లే పాటిస్తున్న చోటు జహీరాబాద్ ప్రాంతం. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు, అందులో ఎక్కువమంది దళిత మహిళలు, ఊరూరా విత్తన బ్యాంకులు నడుపుతున్నాయి. అక్కడ విత్తనం అప్పుగా పుడుతుంది. పంట వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు తిరిగి పోస్తారు. ఆ రెట్టింపు ఇంకో ఇంటికి అప్పు. జొన్న, కొర్ర లాంటి చిరుధాన్యాలతో పాటు అనుములు, అలసందలు, పుంటికూర కూడా ఆ చేలలో కలిసి పెరుగుతాయి. ఏటా సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్ల మీద ఈ విత్తనాలు ఊరూరూ తిరుగుతాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంస్థకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. పది గింజలు దాచుకోవడం కూడా ఒక విద్యే అని ఎవరూ అనుకోని కాలంలో ఆ మహిళలు దాన్ని విద్యగా నిలబెట్టారు.

చట్టం కూడా రైతు పక్షానే ఉంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం ఒక్కటే కుదరదు.

సముద్రాలు దాటిన తెలుగువాళ్లకి ఈ చిన్న గింజల మీద మమకారం ఇంకా ఎక్కువ. అమెరికా వెళ్లేవాళ్ల సామానులో గోంగూర, చిక్కుడు గింజల పొట్లాలు పెడుతుంటారు. అక్కడి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వెళ్తే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. వాళ్ల నేలకి కొత్త తెగుళ్లు రాకుండా పెట్టిన నిబంధన అది, గౌరవించాలి. అక్కడే పెంచుతున్న సాటి తెలుగువాళ్లని అడగడం మేలు.

గింజ దొరికినా చిక్కుడు సంగతి మాత్రం వేరే. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం కదా, ఆ రోజులకి మన పందిళ్లు కాయలతో నిండి ఉంటాయి. కారణం, మన పాత పందిరి చిక్కుడు పగలు కుదించుకుపోతేనే పూస్తుంది. ఉత్తరాన ఉన్న దేశాల్లో వేసవంతా పగలు పొడుగు. తీగ ఇల్లంతా అల్లుకుంటుంది గానీ పువ్వు ఉండదు. పూసేసరికి మంచు పడి తీగ మాడిపోతుంది. అక్కడివాళ్లు రెండు దారుల్లో నడవొచ్చు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి చిక్కుళ్లు పగటి నిడివిని పట్టించుకోవు, అవి వేసుకోవచ్చు. లేదా పాత రకాన్నే వేసి, అన్ని తీగల్లోకీ ముందుగా పూసిన దాన్ని కనిపెట్టి, అవసరమైతే పైన గుడ్డ కప్పి కాపాడి, దాని రెండు కాయలైనా ఎండనిచ్చి, ఆ గింజనే తలా రెండు పంచుకోవాలి. నాలుగైదేళ్లు పట్టొచ్చు. అందరూ ఆ తీగ గింజే వేసి, అందులోనూ ముందు పూసినదాన్నే ఎంచుకుంటూ పోతే, మంచు కన్నా ముందు కాసే చిక్కుడు అక్కడి పెరళ్లలోనే తయారవుతుంది.