ప్లస్ గుర్తు ఎక్కడికి పోయింది?

గద్వాల వైపు పత్తి విత్తన ఆర్గనైజర్ల (కంపెనీకీ రైతుకీ మధ్యవర్తుల) దగ్గర లెక్కలు రాసే ఏ గుమాస్తాకైనా ఈ చిక్కు తెలుసు. రైతు ఫోన్ నంబరును ప్లస్ 91తో మొదలుపెట్టి కొట్టి ఎంటర్ నొక్కగానే ఎక్సెల్ ప్లస్‌ను మింగేస్తుంది. గడిలో 9.1తో మొదలయ్యే అంతుచిక్కని అంకె తేలుతుంది. రాసింది రాసినట్టు ఉంచకుండా దానికి తనే అర్థం తీయడం ఎక్సెల్ స్వభావం. అదే గడి సమానం గుర్తుతో మొదలైతే ఫార్ములా అనుకుని పని మొదలుపెడుతుంది.

మోసగాళ్లకు ఈ స్వభావమే దారి. ఆన్‌లైన్ దరఖాస్తులో పేరు రాయాల్సిన చోట ఒకడు సమానం గుర్తు పెట్టి హైపర్‌లింక్ ఫార్ములా రాస్తాడు. దరఖాస్తులన్నీ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైలుగా ఆఫీసులో దిగుతాయి. తెరిస్తే పేరు ఉండాల్సిన గడిలో ‘వివరాలు చూడండి’ అని ఉంటుంది. నొక్కితే పక్క గడిలోని బ్యాంకు ఖాతా నంబరు ఆ లింకు వెంటే అవతలి సర్వర్‌కు చేరిపోతుంది. దీని పేరు సీఎస్‌వీ ఇంజెక్షన్.

పల్లెటూరి ఆఫీసులే మోసపోతాయనుకోవద్దు. 2011లో అమెరికా కంప్యూటర్ భద్రతా కంపెనీ ఆర్‌ఎస్‌ఏలోకి దొంగలు చొరబడింది ‘2011 రిక్రూట్‌మెంట్ ప్లాన్’ అనే ఎక్సెల్ ఫైలుతోనే. అందులో పొదిగిన ఫ్లాష్ ఆబ్జెక్ట్, అప్పటికి మరమ్మతు లేని లోపాన్ని వాడుకుంది. ఫైలు తెరవడమే ఆలస్యం.

ఇక్కడ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ విత్తన రైతుల అడ్వాన్సులు, రైస్ మిల్లుల సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) లెక్కలు, పొదుపు సంఘాల అప్పులు ఇప్పుడు షీట్లలోకి ఎక్కుతున్నాయి. ఒక వరుస బయటికి పోతే పోయేది ఒక కుటుంబం ఖాతా వివరాలు.

జాగ్రత్త కష్టమేమీ కాదు. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేయకుండా, డేటా మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చి, పేరు, ఫోన్, ఖాతా కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టాలి. అప్పుడు ఫార్ములా వట్టి రాతగానే మిగులుతుంది, ఖాతా నంబరు ముందున్న సున్నాలూ నిలుస్తాయి. మెయిల్లో వచ్చిన షీటు పైన పసుపు పట్టీ కనబడితే, పంపినవాళ్లకు ఫోన్ చేసి అడిగాకే ‘ఎనేబుల్’ నొక్కాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చే ఫైళ్లలోని మాక్రోలను (షీటులో దాగిన చిన్న ప్రోగ్రాములను) మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందే ఆపేస్తోంది. సపోర్టు ముగిసిన పాత ఎంఎస్ ఆఫీస్ వెర్షన్‌కు మాత్రం కొత్త మరమ్మతులేవీ అందవు.

ఈ బరువంతా గుమాస్తా మీదే వేయడం అన్యాయం. దరఖాస్తు ఫారం తయారుచేసేవాళ్లు, సమానం, ప్లస్, మైనస్, @ గుర్తులతో మొదలయ్యే రాతను ఫైలులోకి దించేటప్పుడే, ముందొక సింగిల్ కోట్ పెట్టి అదుపు చేయాలి. ఎక్సెల్ నేర్పే కంప్యూటర్ సెంటర్లు సమ్, వీ-లుకప్ ఫార్ములాలతో పాటు ఆ పసుపు పట్టీని చదవడమూ మొదటి వారంలోనే నేర్పాలి.